ముందు చక్రంలో పిట్ట

జూన్ 2

చెల్లెలికి అన్న రాసేది.

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇవాళ రాసేస్తున్నాను. బావ పోయిన తరవాతి నెల నేను రెండు బస్సులు మారి నీ ఇంటికి వచ్చాను. గేటు బయట నిలబడి కారు తాళం చెవి అడిగాను. నువ్వు ఇవ్వనన్నావు. ఇవ్వనని ఊరుకోలేదు, గేటు గడియ పెట్టావు. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తున్నదల్లా ఆగిపోయి మరీ చూసింది. ఆ కారు ఇంజను ఎన్నిసార్లు విప్పి బిగించిన చేతులివి? ఆ చేతులు చాపితే గడియ పెట్టావు. లోపలికి రమ్మనలేదు. మంచినీళ్ళు ఇవ్వలేదు. వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాను. మరిచిపోయాననుకోకు. నేను మరిచిపోయే రకం కాదని నీకు తెలుసు.

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావో లేదో నీ కారు చెబుతోంది. మావాడు పనిమీద అటు వచ్చి నీ కారెక్కాడట కదా. ముందు చక్రాల దగ్గర కీచుమంటోందని చెప్పాడు. ఎప్పుడు కీచుమంటోంది, ఏ వైపు, నెమ్మదిగా పోతున్నప్పుడా వేగంగా పోతున్నప్పుడా అని అడిగితే, "కీచుమంటోంది నాన్నా, అంతే" అన్నాడు. మెకానిక్కు కొడుకై ఉండి వాడికి కారంటే తలుపు తీస్తే సీటు ఉండేది.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. పాత ఇనుము కొనేవాడు నీ గేటు దగ్గర ఉన్నాడట. కారులోంచి తీసిన సామాను వాడి బండిలోకి ఎక్కిస్తున్నాడట. మిగిలిన దానికి నెలాఖరున రమ్మన్నావట. అంటే కారుని తూకానికి వేసేస్తున్నావన్నమాట. నాకు తాళం ఇవ్వని మనిషివి వాడికి ఇస్తావా?

అది తరవాత తేలుద్దాం. ముందు ఆ శబ్దం. ముందు చక్రాలంటే వేళాకోళం కాదు. బండిని తిప్పేవీ అవే, ఆపడంలో ఎక్కువ భారం మోసేవీ అవే. నువ్వు రోజూ ఆ కారేసుకుని ఊరంతా తిరుగుతున్నావు. అదేమిటో తేలేదాకా కారు బయటికి తీయకు. ఏ వైపు కీచుమంటోంది? బ్రేకు నొక్కితేనా, నొక్కకపోయినానా? ఈ మధ్య కొత్తగా ఏమైనా బిగించావా? టైరు గాని, ఇంకేదైనా గాని? అన్నీ రాయి. మీ వీధి చివర షెడ్డులో ఆ కళ్ళజోడు మనిషి దగ్గరికి పరిగెత్తకు. ముందు నాకు రాయి.

ఫోన్ చేయకు. నువ్వు మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు.

నీ అన్న


జూన్ 7

అన్నయ్యకి,

ఉత్తరం చేతికి పొద్దున అందింది, బుర్రకి అందేసరికి సాయంత్రమైంది. నీ అక్షరాలు నట్లూ బోల్టులూ ఒకే డబ్బాలో కలిపి పోసినట్టున్నాయి. ఒక్కొక్కటీ ఏరుకుని చదివాను.

అవును, గడియ పెట్టాను. పెట్టాను కాబట్టే కారు ఇంకా నా దగ్గరుంది. ఆయన పోయి రెండో నెల. నేను ఏ పూట అన్నం తింటున్నానో ఏ పూట మానేస్తున్నానో నాకే తెలియని రోజులు. నువ్వు వచ్చి గేటు బయటినుంచే "తాళం చెవి ఇవ్వు, కారు తీసుకుపోతాను" అన్నావు. ఎలా ఉన్నావే అని అడగలేదు. ఆడది ఒక్కతే ఉంది, కారెందుకు, అమ్మేస్తే సరిపోతుంది అనుకున్నావు. నాకు అర్థం కాలేదనుకున్నావా? మంచినీళ్ళు ఇవ్వకపోవడం మాత్రం నిజం. దానికి నన్ను అనొచ్చు.

నువ్వు అడిగావు కాబట్టి నేనూ ఒకటి అడుగుతున్నాను. ఆ కారుకి రెండు తాళం చెవులు. రెండోది ఆయన నీ షెడ్డులో ఉంచారు. అది ఇప్పటికీ నాకు రాలేదు. నా దగ్గరున్నది అరిగి అరిగి తలుపు తీయడానికి దాన్ని బతిమాలుకోవలసి వస్తోంది.

ఇక శబ్దం. అది కీచు కాదు. మావాడు, అంటే నీవాడు, సరిగ్గా వినలేదు. అది పిట్ట కూత. చిన్న పిట్ట. చిక్, చిక్, చిక్. కారు కదలగానే మొదలవుతుంది, వేగం పెరిగితే పిట్టకి తొందర పెరుగుతుంది. పెద్ద రోడ్డెక్కాక గాలి హోరులో వినబడదు. ఎడమ వైపు ముందు చక్రం. బ్రేకు నొక్కినా నొక్కకపోయినా కూస్తూనే ఉంటుంది.

కొత్తగా ఏమీ బిగించలేదు. కొత్తగా ఏమీ లేదు. ఉన్నదే పాతది.

పాత ఇనుము వాడి సంగతి నీకెందుకు? నా గేటు, నా సామాను. ఈ కారుతో నాకు ఒక్క పని మిగిలి ఉంది. నెలాఖరులోగా అది అయిపోవాలి. ఆ తరవాత ఏం చేస్తానో అప్పుడు చూద్దాం.

ఒక పెద్ద ఇంటికి కిటికీ తెరలు కుడుతున్నాను. తొమ్మిది కిటికీలు, ఏ రెండూ ఒక కొలత కావు. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవరో గాని మంచి హాస్యగాడు. తెరలన్నీ ఈ కారులోనే పట్టుకెళ్ళాలి. కాబట్టి కారు తీయొద్దన్న ఆజ్ఞ పాటించడం కుదరదు.

నీ చెల్లెలు


జూన్ 12

చెల్లెలికి,

నీ ఉత్తరంలో సగం తిట్లు, సగం పిట్ట. తిట్లకి జవాబు తరవాత. ముందు పిట్ట.

శబ్దం ఎక్కడిదో కారుని అడగాలి. అడిగే పద్ధతి ఉంది. కారు నిలబెట్టి ముందు మడ్‌గార్డు మీద రెండు చేతులూ ఆనించి, నీ బరువంతా వేసి నొక్కి వదులు. నీ బరువు చాలదు, పక్కింటి పంతులమ్మని కూడా పిలు. అప్పుడు కూసిందంటే అది చక్రం కాదు, కింద రబ్బరు బుష్షులు ఎండిపోయాయి. తరవాత ఇంజను స్టార్టు చేసి, కారు కదలకుండా స్టీరింగు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పు. అప్పుడు కూస్తే జాయింటులో గ్రీజు అయిపోయింది. రెండింటికీ కూయలేదంటే, చక్రంతో పాటు తిరిగేదేదో కూస్తోందన్నమాట.

అప్పుడు పొడుగాటి గోడ ఉన్న సందు చూసుకో. అద్దాలు దించు. మనిషి నడిచే వేగంతో గోడ పక్కన పోనీ. గోడ శబ్దాన్ని వెనక్కి కొట్టి నీ చెవికి తెస్తుంది. నడుస్తుండగా బ్రేకు మీద కాలు ఊరికే ఆనించు. కూత టక్కున ఆగిపోతే చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు ప్యాడ్లు అరిగాయి. ప్యాడ్లో చిన్న రేకు ముక్క పెడతారు, ప్యాడ్ అరిగిపోయాక అది చక్రంతో తిరిగే డిస్కుకి రాసుకుని అరుస్తుంది. నన్ను మార్చు అని అది చెప్పడం. అరిచినా పట్టించుకోకపోతే ఒకరోజు బ్రేకు నొక్కుతావు, కారు ఆగదు. పొద్దున తడిగా ఉన్నప్పుడు కూసి కాసేపటికి మానేస్తే డిస్కు మీద తుప్పు. దానికి భయం లేదు. ఆ సందు చివర ఒకసారి అటు, ఒకసారి ఇటు మలుపు తిప్పు. ఎటు తిప్పితే కూత పెరుగుతుందో చూడు.

ఎడమ అన్నావు. సరే, ఎడమే అనుకుంటున్నాను.

ఇక్కడ నా సంగతి. మోకాలు మొండికేసింది. మేడ మీద గది నాది. కిందికి దిగి చాలా రోజులైంది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వీధిలో పోయే ప్రతి బండీ తనకేం జబ్బో చెప్పుకుంటూ పోతుంది. నిన్న ఒక తెల్లకారు వాడిని కేకేసి ఆపి, బేరింగు పోయింది చూసుకోమన్నాను. వాడు పైకి చూసి దణ్ణం పెట్టి పోయాడు. కోడలు వచ్చి, మామయ్యా మీరు వీధిలో వాళ్ళని అరవకండి, అందరూ నన్ను అడుగుతున్నారు అంది. బేరింగు పోతే చక్రం ఊడుతుందమ్మా అన్నాను. ఊడితే ఆయన చక్రం కదా అంది. ఆ పిల్ల మంచిదే, కాకపోతే మెకానిక్కు ఇంట్లో పుట్టలేదు.

మళ్ళీ అడుగుతున్నాను. కొత్తగా ఏమీ బిగించలేదు కదా? ఒట్టు?

ఆ ఒక్క పని ఏమిటి?

నీ అన్న


జూన్ 16

అన్నయ్యకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పంతులమ్మ గారూ నేనూ చెరోవైపు నిలబడి కారుని నొక్కాం. ఆవిడ పిల్లలకి డ్రిల్లు చెప్పిన మనిషి, "ఒకటి, రెండు" అంటూ నొక్కింది. కారు చక్కగా ఊగింది గాని కూయలేదు. స్టీరింగు తిప్పాను, నిశ్శబ్దం. బడి వెనక గోడ పక్కన సందులో పోనిచ్చాను. పిట్ట హాయిగా కూసింది. బ్రేకు మీద కాలు ఆనిస్తే కూత కాస్త సన్నబడింది గాని ఆగలేదు. సందు చివర ఒకవైపు తిప్పితే గట్టిగా కూస్తోంది, ఇంకోవైపు తిప్పితే గొణుగుతోంది. పొద్దునా సాయంత్రం ఒకటే. తడీ పొడీ ఒకటే.

ఇన్నాళ్ళూ నువ్వు చెబితే ఆయన చేసేవారు. ఇద్దరూ బానెట్టులో తలలు దూర్చి అన్నం ముద్ద కోసమైనా బయటికి వచ్చేవారు కాదు. మీకు టీ గ్లాసులు అందించడమే నాకు కారుతో ఉన్న చుట్టరికం. ఇవాళ గోడ పక్కన పోతుంటే ఆ బానెట్టులోకి నేనూ తల దూర్చినట్టనిపించింది. అంతే, ఇంకేం లేదు. పొంగిపోకు.

ఒట్టు వేయను. ఒట్లు వేయడం మానేశాను. కొత్తగా ఏమీ లేదని ఒకసారి రాశాను కదా.

ఆ ఒక్క పని నా పని.

నీ మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టమని కోడలికి చెప్పు. నువ్వు అడగవని తెలుసు, అందుకే ఆ అమ్మాయికి వేరే కార్డు రాశాను.

నీ చెల్లెలు


జూన్ 20

చెల్లెలికి,

కార్డు వచ్చింది. కోడలు పూటపూటకీ గుడ్డ తడిపి పట్టుకొస్తోంది. నన్ను ఇస్త్రీ చేస్తున్నట్టుంది.

పిట్ట దొరికిందనుకుంటున్నాను. ప్యాడ్ కాదు, ప్యాడైతే బ్రేకుకి ఆగేది. డిస్కు వెనకాల పళ్ళెంలాంటి పల్చని రేకు ఉంటుంది, లోపలికి బురద పడకుండా. రాయి తగిలో, ఎవడో జాకీ తప్పుగా పెట్టో అది వంగుతుంది. వంగిన చోట డిస్కు రాసుకుని చిక్ చిక్ మంటుంది. మలుపులో ఎక్కువవుతుంది. దాన్ని వేలితో వెనక్కి వంచితే చాలు. సామాను అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

నేనొచ్చి చేసేవాణ్ణి. మోకాలు ఒప్పుకోదు. కాబట్టి ఆ కళ్ళజోడుకే చేయించు. చీటీ ఒకటి పెట్టాను, వాడి చేతికివ్వు. ముందు ఎడమ చక్రం విప్పమనీ, రేకు ఎక్కడ మెరుస్తోందో చూసి అక్కడ వెనక్కి వంచమనీ, డిస్కు మీద నూనె చెయ్యి పెట్టొద్దనీ రాశాను. నూనె పడితే కూత ఆగుతుంది, దాంతో పాటు బ్రేకూ ఆగుతుంది. వాడు తెలివికి పోయి అన్నీ విప్పుతానంటాడు. విప్పనివ్వకు.

పిట్ట పోయాకైనా కారుని తూకానికి వేయకు. ఇది ఆజ్ఞ కాదు. ఏమిటో నాకూ తెలియదు.

నీ అన్న


జూన్ 24

అన్నగారి సన్నిధికి,

చీటీ ఇచ్చాను. కళ్ళజోడు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, సరేనమ్మా అన్నాడు. నాకు తెరలు తగిలించే పని ఉండి కారు అక్కడ వదిలేసి వెళ్ళాను. సాయంత్రం వచ్చి అడిగితే ఎడమ చక్రం విప్పాననీ, రేకు శుభ్రంగా ఉందనీ, ఎక్కడా రాసుకున్న గుర్తు లేదనీ, అయినా పెద్దాయన రాశారు కాబట్టి కాస్త వెనక్కి వంచాననీ చెప్పాడు. కారెక్కి షెడ్డు గేటు దాటానో లేదో, చిక్. నా మోకాలి పక్కనే, ఇదివరకటిలాగే. వెనక్కి తిరిగి వాడివైపు చూశాను. వాడు తల గోక్కుని, "పెద్దాయన పని మానేసి చాలాకాలమైంది కదమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నీకు రాయకూడదనుకున్నాను. రాయకపోతే దాచానంటావు.

మా అన్న చెబితే అది అక్కడే ఉండాలి, మళ్ళీ చూడు అని వాడితో అన్నాను. చీకటి పడింది, రేపు చూస్తానన్నాడు. మర్నాడు నాకు తీరలేదు.

నెలాఖరు వచ్చేసింది. ఆ పని ఈ నెలలో అయ్యేట్టు లేదు. పోనీ, ఆ పని లేకపోయినా ప్రపంచం ఆగదు.

నీ చెల్లెలు


జూన్ 27

చెల్లెలికి,

కళ్ళజోడు అన్న మాటకి నాకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. కిటికీ మూసేసి కూర్చున్నాను. నిజంగానే చేతకాకుండా పోయానా అనిపించింది. కోడలు వచ్చి, ఇవాళ వీధిలో ఎవరినీ అరవలేదేం మామయ్యా, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

రాత్రి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నా మోకాలి పక్కనే అని రాశావు. నీ మోకాలి పక్కన ఉండేది ఏ చక్రం? స్టీరింగు ఉండేది కుడివైపు. నువ్వు కూర్చునేది కుడివైపు. నీ మోకాలి పక్కన కూసే పిట్ట ఎడమ చక్రంలో ఎలా ఉంటుంది?

నువ్వు ఎడమ అన్నది ఎవరి ఎడమ? నేను జన్మంతా కారుకి ఎదురుగా నిలబడి పని చేసినవాణ్ణి. కారు నా వంక చూస్తుంది, నేను కారు వంక చూస్తాను. నా ఎడమచేతి వైపున్నది నాకు ఎడమ. దీనిమీద బావకీ నాకూ ఎంత రగడో నీకు తెలుసు. లోకమంతా కూర్చుని చూస్తుంది, నువ్వొక్కడివే నిలబడి చూస్తావు అనేవాడు బావ. ఈసారి నీతో రగడ పెట్టుకోదలచుకోలేదు. కారు నడిపేది నువ్వు. అందుకే నీ లెక్కనే తీసుకుని, కూర్చున్నవాళ్ళ ఎడమ అని అనుకుని, చీటీలో ఎడమ అని రాశాను.

దీనికి జవాబు రాయి.

ఇంకోటి. ఆరేళ్ళ కిందటి మాట. నేను అమ్మడానికి రాలేదు. అమ్మడమన్న ఊహే నాకు లేదు. బావ లేకుండా ఆ కారు ఎండలో ఒంటరిగా నిలబడి ఉంటుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు చదునైపోతాయి, నా షెడ్డులో పెట్టుకుని రోజూ ఒకసారి స్టార్టు చేస్తూ ఉందామని వచ్చాను. నువ్వు నడుపుతావని నాకేం తెలుసు? నువ్వే చెప్పలేదు. రెండో తాళం చెవి ఆరోజు నా జేబులోనే ఉంది. తీసుకుపోవాలనుకుంటే నిన్ను అడగక్కర్లేదు. నీ చేతినుంచి తీసుకోవాలని అడిగాను.

అదీ సంగతి. దీనికి జవాబు అక్కర్లేదు.

నీ అన్న


జూలై 1

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. పంతులమ్మ గారు గోడ మీదనుంచి తొంగిచూసి ఏమైందని అడిగారు. చెబితే ఆవిడా నవ్వారు.

నేను రాసింది నీ ఎడమ. మా అన్న కారుకి ఎదురుగా నిలబడి మాట్లాడతాడు, ఆయన లెక్కలో చెప్పకపోతే మళ్ళీ గొడవ అనుకుని, నేను లేచి వెళ్ళి కారు ముందు నీలాగే నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, అటు చూసి ఇటు చూసి, ఎడమ అని రాశాను. నువ్వేమో నా సీట్లో కూర్చున్నావు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇద్దరం ఒకరి మాట ఒకరం విన్నాం. ఫలితం, ఏ పాపం ఎరగని చక్రాన్ని విప్పించాం.

నువ్వు జవాబు అక్కర్లేదన్న దానికి కూడా జవాబు ఉంది. అది చివర రాస్తాను. ముందు షెడ్డుకి వెళ్ళొస్తాను.

సాయంత్రం మళ్ళీ రాస్తున్నాను. ఈసారి కారు వదిలి రాలేదు. స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని కుడి చక్రం విప్పించాను. కళ్ళజోడు ముందు చక్రం మీది మూత ఊడదీసి గోడకి ఆనించాడు. చక్రం తీశాడు. రేకు బాగుంది. ప్యాడ్లు మందంగా ఉన్నాయి. చక్రాన్ని పట్టుకుని ఊపి బేరింగు కూడా చూశాడు, కదల్లేదు. నువ్వు చెప్పిందీ కాదు, వాడు అనుకున్నదీ కాదు. నా ముఖం చూసి వాడికీ జాలేసినట్టుంది. చక్రం తిరిగి బిగిస్తుండగా వాన మొదలైంది. కారు తీసుకుని గబగబా ఇంటికి వచ్చేశాను.

బడి గోడ పక్కకి వచ్చాక గాని నాకు తట్టలేదు. అద్దం దించాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మలుపు తిప్పాను. ఏమీ లేదు. పిట్ట ఎగిరిపోయింది. ఇంటికొచ్చి దిగి చూస్తే చక్రానికి మూత లేదు. షెడ్డు గోడకే ఆనించి ఉండిపోయింది.

వానలో తిరిగి వెళ్ళి మూత తెచ్చి నేనే నొక్కి బిగించాను. చిక్. ఊడదీశాను. నిశ్శబ్దం. ఇలా మూడుసార్లు చేశాను. కళ్ళజోడు గొడుగు పట్టుకుని నిలబడి చూశాడు. మూత లోపలి క్లిప్పులు అంచుకి సరిగ్గా కూర్చోలేదట, చక్రం తిరిగినప్పుడల్లా కాస్త కదిలి ఇనుముకి రాసుకుంటోందట. పెద్దాయన మొదటినుంచీ కొత్తగా ఏం బిగించారని అడుగుతున్నారని నాతో చెప్పి ఉంటే నేను చక్రమే విప్పేవాణ్ణి కాదు కదమ్మా అన్నాడు.

అవును, మూతలు కొత్తవి. నాలుగూ కొత్తవే. మే నెలలో కొన్నాను. పాతవి సొట్టలుపడి తుప్పుపట్టాయి. వాటినీ, పైన బిగించిన సామాను చట్రాన్నీ పాత ఇనుము వాడికి ఇచ్చాను. నీవాడు చూసింది అదే. నెలాఖరున రమ్మన్నది పాత కుట్టుమిషను కాళ్ళ కోసం. కారుని తూకం వేస్తానని నీకు ఎలా అనిపించిందో నాకు తెలియదు గాని, వేయనని నేనూ చెప్పలేదు. చెబితే ఇంకా అడుగుతావు. అడిగితే మూతల మాట వస్తుంది. మూతల మాట వస్తే ఎందుకు కొన్నావంటావు.

ఎందుకు కొన్నానంటే, జూన్ నెలాఖరుకి ఆ కారులో నీ ఇంటికి రావాలనుకున్నాను. అదే ఆ ఒక్క పని. ఆరేళ్ళయింది, నువ్వు దిగిరావు, నేనే వస్తానని నిర్ణయించుకున్నాను. ఒక్కదాన్నే నడుపుకుంటూ వచ్చి నీ కిటికీ కింద ఆపాలి. నువ్వు పైనుంచి చూసినప్పుడు, చూశావా, ఆడదాని చేతిలో కారు పాడైపోయింది అనకూడదు. అందుకని సీట్లు ఉతికాను, రంగు తుడిచాను, మెరిసే మూతలు కొన్నాను. బిగించిన మర్నాటినుంచే పిట్ట కూత. కీచుమంటూ నీ వాకిట్లోకి వస్తే నువ్వు ఈ జన్మకి వదలవు. అందుకే ఆగిపోయాను.

కొత్తగా ఏమైనా బిగించావా అని నువ్వు అడిగిన ప్రతిసారీ కలం ఆగేది. మూతకి చక్రంతో ఏం సంబంధంలే అనుకున్నాను. బొత్తానికి చొక్కాతో ఏం సంబంధం అన్నట్టుంది కదూ. కుట్టుపని చేసేదాన్ని, నాకైనా తట్టాలి.

ఇక నువ్వు జవాబు వద్దన్నది. ఆరోజు నీ జేబులో రెండో తాళం చెవి ఉందని నాకు తెలియదు. ఉండి కూడా అడిగావని ఇప్పుడే తెలిసింది. చదివి కాసేపు కుట్టుమిషను తొక్కలేకపోయాను. అంతే రాస్తాను. ఎక్కువ రాస్తే నువ్వు ఉత్తరం మధ్యలో పెట్టేస్తావు.

నీ చెల్లెలు


జూలై 5

చెల్లెలికి అన్న రాసేది.

మూత. నలభై ఏళ్ళు కార్లు విప్పినవాణ్ణి, మూత దగ్గర బోల్తాపడ్డాను. ఏ శబ్దమైనా ముందు మూత తీసి చూడాలి. షెడ్డులో నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదట చెప్పే మాట అదే. నీకు చెప్పలేదు. నీది పాత మూత, అది నేనే బిగించింది, అది కూయదు అని ధీమా. కళ్ళజోడుతో చెప్పు, వాడి చెవి మంచిదే, పెద్దాయన అన్నాడని చెప్పు. గొడుగు పట్టుకుని నిలబడ్డాడు చూడు, అది మెకానిక్కు లక్షణం.

మెరిసే మూతలు కొన్నావన్న మాట చదివి కిటికీ తెరిచాను. ఇంకేం రాయను.

ఇప్పుడు విను. ప్లయరు తీసుకుని మూత లోపలి క్లిప్పులు ఒక్కొక్కటీ వెంట్రుకవాసి బయటికి వంచు. ఎక్కువ వంచితే విరుగుతాయి. మూత అంచు వెంట పల్చని గుడ్డపట్టీ ఒకటి పెట్టు, గుడ్డపట్టీలు నీ ఇంట్లో కొదవా? రెండు చేతులతో చుట్టూ సమంగా తట్టి బిగించు. ఒకపక్కే గుద్దకు. అయినా కూస్తే పెద్ద రోడ్డు మీద ఆ మూత పెట్టుకోకు, ఊడి ఎవడికైనా తగులుతుంది. డిక్కీలో పడేసుకుని రా. మా సందు మొదట్లో మందుల దుకాణం ఉంది, అక్కడ ఆపి బిగించి రా. కూయనీ. నేను కిటికీ దగ్గర ఉంటాను. కుర్చీలోంచి లేవకుండానే పిట్ట కూత గుర్తుపట్టి, మా చెల్లెలు వచ్చిందని కోడలితో చెప్పాలి. అది నాకు కావాలి.

రోజూ కొన్ని మెట్లు దిగి మళ్ళీ ఎక్కుతున్నాను. కోడలు వెనకాల నిలబడి, పడితే నేనే మోయాలి, నిదానంగా మామయ్యా అంటోంది. నిన్న మెట్ల మలుపు దాకా వెళ్ళాను. కూత వినగానే దిగడం మొదలుపెడతాను, నువ్వు కారు ఆపి దిగేసరికి కిందే ఉంటాను. పక్క సీట్లో నేను కూర్చుంటాను. నడిపేది నువ్వే. ఊరి చివర దాకా పోయి వద్దాం. దారిలో ఒక్క మాట మాట్లాడను. బ్రేకు ఆలస్యంగా నొక్కితే తప్ప.

నాకు పక్క సీటు ఎడమవైపు. కూర్చుని చూస్తే ఎడమ. ఇకనుంచీ నీ లెక్కే.

రెండో తాళం చెవి నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంచాను. పోస్టులో పంపను. వచ్చి నా చేతినుంచి తీసుకో. మంచినీళ్ళు నేనిస్తాను.

ఏ రోజు వస్తున్నావో రాయి. వచ్చే శనివారంలోగా జవాబు నా చేతిలో ఉండాలి. శనివారం దాటితే నేనే రెండు బస్సులు మారి వస్తాను. ఈసారి గేటు గడియ పెట్టినా వెనక్కి తిరగను.

శనివారం. మరిచిపోకు.

నీ అన్న